చేయించుకునేవాళ్లు ఉంటేనే చేసేవాళ్లు ఉంటారు

పోయిన నెల మన ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది, మీరందరూ చూసే ఉంటారు. జపాన్‌లో ఒక ముసలాయన రెండు దూలాలను ఒకదాంట్లోకి ఒకటి జారవిడిచి, పైన సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. అంతే, అతుకు ఎక్కడుందో కండ్లకు కనిపించదు. దాని కింద ఒకరు రాసినారు, "ఇవన్నీ మన తాతకు ఎప్పుడో తెలుసు" అని. ఇంకొకరు, "తెలిసి ఏం లాభం? మనలో ఒక్కరన్నా నేర్చుకున్నామా? సిగ్గుపడాల" అన్నారు. దానికి వరసగా దండాల బొమ్మలు పడినాయి.

నేనూ ఒక దండం పెట్టబోయి ఆగినాను. నాలుగేండ్లుగా నా ఆదివారాలు ఆ జపాన్ పనిముట్లతోనే పోతున్నాయని మీలో కొందరికి తెలుసు. ఆ నాలుగేండ్ల తర్వాత నాకు అనిపించేది వేరే. పని పోయింది మనం నేర్చుకోనందుకని నేను ఒప్పుకోను. మనమంతా చేయించుకోవడం మానేసినాం, అందుకు పోయింది. ఈ మాట కొంచెం విడమరిచి రాస్తాను. చివర్లో ఊరింటి వాకిలి గురించి ఒక విన్నపం ఉంది, అది చదవకుండా పోవద్దండి. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది ఉద్యోగంలో చేరినాక. తప్పులుంటే సర్దుకోండి.

ముందు తాత సంగతి. ముళబాగిలు తాలూకాలో మన ఊర్లో తాత బండ్లు చేసేవాడు, నాగండ్లు చేసేవాడు, వాకిళ్లు, తలుపులు చేసేవాడు. బడిలో నేను గరగస, ఉళి, బాచి అని రాసేదాన్ని, ఇంట్లో అవే రంపం, ఉలి, బాడిశ. తాత పని చేస్తుంటే చిత్రికలోంచి చుట్టలు చుట్టుకోని పడే పొట్టును ఏరుకోని చెవులకు తగిలించుకునేదాన్ని. ఒకసారి ఉలి పట్టుకుంటే, "మే, ముట్టద్దు, ఆడబిడ్డ ముట్టేది కాదు అది" అన్నాడు. మగపిల్లోళ్లకు చెప్పింది ఇంకోటి: "దీన్ని పట్టుకుంటే మీకూ నా బతుకే వస్తాది. పోయి చదువుకోండి." ఆడపిల్లలకు కట్టుబాటు అడ్డం, మగపిల్లలకు చదువు అడ్డం. ఇద్దరినీ ఆపింది పని తెలిసిన ఆ మనిషే. అందుకని "మనం నేర్చుకోలేదు" అనే మాట నాకు పూర్తిగా న్యాయంగా తోచదు.

నేను రంపం పట్టింది 2021లో. ఇంట్లోనే కూర్చోని టెస్టింగ్ చేసే రోజులు. పొద్దస్తమానం తెర మీద ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికి, సాయంత్రానికి చేతిలో ఏమీ మిగలదు. ఒక రోజు జపాన్ రంపం ఒకటి తెప్పించుకున్నాను. దాన్ని ర్యోబా అంటారు. ఒకే రేకుకు రెండు వైపులా పండ్లు ఉంటాయి, ఒక వైపు చెక్కను నిలువునా కోయడానికి, ఇంకో వైపు అడ్డంగా కోయడానికి. మన రంపం తోస్తే తెగుతుంది, ఇది మన వైపుకు లాగితే తెగుతుంది. తోసే రంపం రేకు పలచగా ఉంటే వంగిపోతుంది, కాబట్టి దాన్ని మందంగా చేయక తప్పదు. లాగేటప్పుడు రేకు బిగుసుకుంటుంది కాబట్టి పలచగా చేయచ్చు. పలచగా ఉంటే కోత సన్నగా వస్తుంది, బలం తక్కువ పడుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు.

తర్వాత ఉలి, దాన్ని వాళ్లు నోమి అంటారు. తర్వాత చిత్రిక, దాని పేరు కన్నా, అదీ లాగేదే. ఈ రెండింటి అలుగులోనూ ఒక పొర గట్టి ఉక్కు, దానికి వెనక మెత్తటి ఇనుము, రెండింటినీ కాల్చి కొట్టి అతికించి ఉంటారు. గట్టి ఉక్కు పదును నిలబెడుతుంది, మెత్తటి ఇనుము విరగకుండా కాపాడుతుంది, రాయి మీద సులభంగా అరుగుతుంది కూడా. అలుగు వీపు మధ్యలో పళ్లెంలాగా లోతు తీసి ఉంటారు, అంచులు మాత్రమే రాయిని తాకితే చదును చేయడం తేలిక కాబట్టి.

కన్నా డబ్బాలోంచి తీసి వాడే వస్తువు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. అది ఒక గట్టి ఓక్ దిమ్మె, దాంట్లో బిగించిన అలుగు, అంతే. దిమ్మెను అలుగుకు తగ్గట్టు మనమే గీకి సర్దుకోవాల. అడుగు భాగం అంతా చదునుగా ఉండకూడదు, అలుగు ముందర, మొదట్లో కొన్ని చోట్ల మాత్రమే చెక్కను తాకాల. ఇంత చేసినాక వాన కాలం వస్తే దిమ్మె ఉబ్బుతుంది, మళ్లీ మొదటికి. బెంగళూరులో జూన్ నెల వచ్చిందంటే నా కన్నా అలుగుతుంది.

వీటన్నిటికీ ముందు సాన పట్టడం. వెయ్యి నంబరు రాయి, దాని మీద ఆరు వేల నంబరు రాయి, రాయి గుంట పడితే మళ్లీ రాయినే చదును చేసుకోవడం. మొదటి ఆరు నెలలు నేను చేసింది ఎక్కువ శాతం ఇదే. సగం ఆదివారం సాన పట్టడానికి పోతే, మిగిలిన సగం చెక్క పాడు చేయడానికి పోయేది. మా ఆయన అన్నాడు, "ఒక స్టూలు కొంటే ఎనిమిది నూర్లు, నీ స్టూలు ఎంత పడింది?" లెక్క చెప్పలేదు.

ఆ స్టూలు పూర్తయింది పదకొండో నెలలో. నాలుగు కాళ్లకు నాలుగు కుసులు, పైన పలకలో నాలుగు బెజ్జాలు, కుసిని బెజ్జంలో దిగేసి పైనుంచి చీల కొట్టడం. ఒక కాలు ఇప్పటికీ వెంట్రుకవాసి వంకర. అయినా దాని మీదనే కూర్చోని ఇది రాస్తున్నా.

నేర్చుకుంటూ జపాన్ వాళ్ల గురించి చదివినాను. అక్కడే నాకు ఈ విషయం దొరికింది.

నారా దగ్గర హోర్యూజీ అనే గుడి ఉంది. ప్రపంచంలో ఇప్పటికీ నిలబడి ఉన్న చెక్క కట్టడాల్లో అన్నిటికంటే పాతవి అక్కడివే. తరతరాలుగా ఆ గుడి వడ్రంగం చేసే ఇంట్లో పుట్టినాడు నిషియోకా సునెకాజు. 1908లో పుట్టి 1995లో పోయినాడు. ఆయనకు పని నేర్పింది వాళ్ల తాత. ఆ తాత మనవణ్ణి ఇంజనీరింగ్ బడికి కాకుండా వ్యవసాయం బడికి పంపినాడు. చెట్టు మట్టిలోంచి వస్తుంది, మట్టి తెలియనివాడికి చెట్టు తెలియదు, చెట్టు తెలియనివాడికి గుడి కట్టడం రాదని ఆయన లెక్క. ఇంత వరకు చదివితే మన గ్రూపులో తిరిగే కథలాగానే ఉంటుంది.

నన్ను పట్టుకున్నది దాని తర్వాతి సంగతి. నిషియోకా కొడుకులు గుడి వడ్రంగంలోకి రాలేదు. అంత పేరున్న ఇంట్లోనే తండ్రి పని కొడుకులకు అందలేదు. మరి పని ఎవరికి పోయింది? ఒగావా మిత్సువో అనే పిల్లోడికి. వాళ్లది వడ్రంగుల ఇల్లు కాదు. బడి పిల్లలతో కలిసి యాత్రకు పోయి హోర్యూజీ గోపురం చూసి, ఇది చేసే పనే చేస్తానని వచ్చినాడు. మొదట్లో పని లేదని వెనక్కి పంపినారు. కొన్నేండ్లకు చేర్చుకున్నాక మొదటి ఏడాది టీవీ వద్దు, రేడియో వద్దు, పేపరు వద్దు, సాన మాత్రం పట్టు అన్నాడంట గురువు. ఆ శిష్యుడే తర్వాత 1977లో తన సొంత పనివాళ్ల బృందాన్ని పెట్టి ఎంతో మందిని తయారు చేసినాడు.

"మొదట్లో పని లేదని" అన్నాను గదా, దాన్ని కొంచెం చూడండి. నిషియోకా అంతటివాడికి కూడా గుడి పని లేని రోజులు ఉండేవి, అప్పుడు సేద్యం చేసుకోని బతికినాడు. ఆయన పేరు అందరికీ తెలిసింది యాకుషీజీ గుడి పనితో. ఆ పని ఎట్ల వచ్చిందో చూడండి. కాలిపోయిన ఆ గుడి పెద్ద మందిరాన్ని మళ్లీ కట్టాలని అక్కడి పెద్ద స్వామి తకాదా కోయిన్ పట్టుపట్టినాడు. ఒకరిద్దరు ధనవంతుల కాళ్లు పట్టుకోలేదు. మామూలు జనాన్ని ఒక బౌద్ధ సూత్రం చేత్తో రాసి, ఒక్కో ప్రతికి వెయ్యి యెన్‌లు ఇమ్మని అడిగినాడు. పది లక్షల ప్రతులు కావాలన్నాడు. జనం రాసినారు, ఇచ్చినారు. 1976లో మందిరం లేచింది, 1981లో పడమటి గోపురం లేచింది. రెండింటికీ పెద్ద మేస్త్రీ నిషియోకానే. వేరే మాటల్లో చెప్పాలంటే, పది లక్షల వెయ్యి యెన్‌లు కలిస్తే ఒక మేస్త్రీకి పని దొరికింది, ఆ పనిలోంచి శిష్యులు దొరికినారు.

ఇసే గుడి సంగతి ఇంకా తేటగా ఉంటుంది. ఇరవై ఏండ్లకొకసారి ఆ గుడిని పక్క స్థలంలో మొత్తం కొత్తగా కడతారు. మొదటిసారి 690లో కట్టినారు. మధ్యలో యుద్ధాల కాలంలో ఆగినా మళ్లీ మొదలుపెట్టి, 2013లో 62వ సారి పూర్తి చేసినారు. వచ్చేది 2033లో. ఇరవై ఏండ్ల లెక్కలో ఒక మనిషి పడుచుతనంలో మోత మోసి, నడి వయసులో చేతి పని చేసి, ముసలితనంలో పక్కన నిలబడి చెప్పి పోవచ్చు. పని నేర్పడానికి వేరే బడి అక్కర్లేదు. ఆర్డరే బడి. మన దేశంలోనూ ఉంది గదా ఇట్లాంటిది. పూరీలో మూడు రథాలను ప్రతి ఏడాదీ కొత్తగా చేస్తారు. అందుకే ఆ రథం చేసే చేతులు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు మన వైపు చూడండి. మా ఆఫీసులో బగ్ వస్తే, ఎవరు చేసినారని అడగడం తప్పు, ఎందుకు వచ్చిందని అడగాల. అట్ల అడుగుతూ పోతే మొదటి కారణం దగ్గరికి వస్తాం. తాత పని ఎందుకు ఆగింది? నాయన వాళ్లు నేర్చుకోలేదు కాబట్టి. ఎందుకు నేర్చుకోలేదు? తాత వద్దన్నాడు కాబట్టి. ఎందుకు వద్దన్నాడు? ఆయనకు ఏడాదికొకసారి కళ్లంలో ఇచ్చే మేర ధాన్యం ఏండ్లేండ్లకు తగ్గుతూ వచ్చింది కాబట్టి. ఎందుకు తగ్గింది? ట్రాక్టరు వచ్చింది, ఇనుప నాగలి వచ్చింది, బండికి టైరు చక్రాలు వచ్చినాయి. తుమ్మ కొయ్యతో చక్రం చేయించుకునే రైతు లేడు. ఆఖరికి మన ఇంట్లోనే, పెదనాయన పెండ్లికి మంచం టౌనులోని షాపులో కొన్నాం, తాత బతికి ఉండగానే. అవ్వ ఈ మాట నాకు నవ్వుతూ చెప్పింది. తాత నవ్వినాడో లేదో చెప్పలేదు.

దీనికి ఎదురు మాట ఉంది, దాన్ని దాచను. జపాన్‌ను మనం అద్దంలో పెట్టి చూస్తున్నామని అనచ్చు. నిజమే. అక్కడ 1980లో తొమ్మిది లక్షలకు పైగా వడ్రంగులుంటే 2020 నాటికి సుమారు మూడు లక్షలు మిగిలినారు. ఇండ్లకు కావలసిన దూలాల అతుకులు ఇప్పుడు ఎక్కువగా ఫ్యాక్టరీలో కంప్యూటర్ మిషన్లే కోసి పంపుతాయి. నేను మొదట కొన్న ర్యోబా రేకు పదును పోతే పారేసి ఇంకోటి తగిలించుకునే రకం. దాని పండ్లు అంత గట్టిగా కాల్చి ఉంటాయి, ఆకురాయి వాటి మీద జారిపోతుంది. ఆ రేకులు వచ్చినాక రంపం పండ్లకు పదును పెట్టే మనుషులకు పని తగ్గిపోయింది. "ఒక్క మేకు లేకుండా" అనే మాట కూడా అంతంత మాత్రమే. హోర్యూజీలో మేకులున్నాయి, కమ్మరి చేత్తో కొట్టినవి. యాకుషీజీ పనికి ఆ పాత పద్ధతిలో మేకులు కొట్టించడానికి కత్తులు చేసే కమ్మరిని పెట్టుకున్నారు. చూడండి, అక్కడ కూడా మళ్లీ ఆర్డరే.

అంటే జపాన్ వాళ్లకు మనకంటే భక్తి ఎక్కువని, ఓపిక ఎక్కువని నేను అనుకోను. ఎక్కడ చేయించుకునేవాళ్లు ఉన్నారో అక్కడ పని ఉంది, లేని చోట అక్కడా పోతోంది. చేతి పని ఇంకా నిలిచిన చోట్లకు డబ్బు పెట్టేవాళ్లున్నారు, అంతే తేడా.

ఇంకో ఎదురు మాట చిన్నాయన అన్నాడు, ఫోన్‌లో, కొంచెం కోపంగానే. "ఉలి పట్టినందుకు మమ్మల్ని పెద్ద ఇండ్ల వసారా దాటనియ్యలేదు. నీకు ఐటీ జీతం వస్తాది కాబట్టి ఆదివారం ఆట ఆడుకుంటావు. దాన్ని మళ్లీ ఎవడి నెత్తిన పెట్టాలని?" ఈ మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. చిన్నాయన చెప్పింది నిజం. అందుకే నేను ఎవరి పిల్లలనూ ఉలి పట్టమనడం లేదు. ఒగావాను చూడండి, ఆ పనిలో పుట్టకుండా, ఇష్టపడి వచ్చినాడు. పనికి మర్యాదైన కూలి దొరికితే ఇష్టమున్నవాడు వస్తాడు, ఏ ఇంటివాడైనా, ఆడబిడ్డయినా. పుట్టుకతో కట్టేసినప్పుడు, కడుపు నిండనప్పుడు తాతలాంటివాళ్లు తమ బిడ్డలను తామే తరిమేస్తారు.

ఇప్పుడు వాకిలి సంగతి.

ఊరింటి రిపేరుకు వచ్చే ఉగాది లోపల అందరం డబ్బులు వేయాలని అనుకున్నాం. అందులో, తాత చేసిన తలవాకిలి ద్వారబంధం తీసేసి రెడీమేడ్ ఫ్రేము, తలుపు పెట్టాలని ఉంది. కారణం, నిలువు కొయ్యలు రెండూ కింద జానెడు మేర వాన నీళ్లకు చివికిపోయినాయి. పాత కొయ్యను అమ్మేయాలని, తాత పనిముట్ల పెట్టెను మాత్రం గాజు పెట్టి హాల్లో గోడకు తగిలించాలని కూడా ఉంది.

జపాన్ వడ్రంగంలో స్తంభం అడుగు చివికితే స్తంభాన్ని పారేయరు. చివికిన భాగాన్ని కోసి, కొత్త ముక్కను పాతదానికి అతుకుతారు. నెత్సుగి అంటారు, వేరు అతకడం అనుకోవచ్చు. ఒసాకా కోట పెద్ద ద్వారం దగ్గర ఒక స్తంభానికి ఇట్లాంటి అతుకే వేసి ఉంది. దాన్ని లోపల ఎట్ల కోసినారో చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు, ఎక్స్‌రే తీసి చూస్తే తెలిసింది.

ఆ ఫోటోలు పెట్టుకోని నేను పోయిన నెల ముళబాగిలులో ఒక మేస్త్రీ దగ్గరికి పోయినాను. అరవై దాటినాయన. ఇప్పుడు చేసేదంతా ప్లైవుడ్ కప్‌బోర్డులే. ఫోటో చూసి, "ఇదేమి కొత్త పని కాదు గదమ్మా, మా నాయన గుడి కంబానికి ఇట్లనే వేసినాడు" అన్నాడు. ఊరికి వచ్చి వాకిలి చూసినాడు. పైనంతా వేప చేవ, ఇంకా వందేండ్లు ఉంటాదన్నాడు. అడుగు రెండూ అతికి, గడప మార్చి, తలుపు కుసులు బిగించి, అంతా చిత్రిక పట్టడానికి ముప్పై ఎనిమిది వేలు అడిగినాడు. రెడీమేడ్‌ది ఇరవై రెండు వేలు. తేడా పదహారు వేలు. మనం పదకొండు ఇండ్లు. ఇంటికి పదిహేను నూర్లు కూడా పడదు.

నేను తాత పెట్టెలోంచి ఒక ఉలిని తీసి ఆయనకు చూపించినాను. ఊరి కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టీతో కొట్టించుకున్నది. తుప్పు గీకి, నా జపాన్ రాళ్ల మీద రెండు సాయంత్రాలు సాన పట్టినాను. నా నోమి నిలిచినంత సేపు దాని పదును నిలవదు, కానీ పదును మాత్రం చక్కగా వచ్చింది, చేతి మీద వెంట్రుకలు తెగినాయి. మేస్త్రీ బొటనవేలు ఆనించి చూసి, నన్ను ఒకసారి చూసి, "ఎవరు పట్టినారు?" అన్నాడు. నేనే అన్నా. ఏమీ అనలేదు. "వాకిలి పనికి ఇది తీసుకురా" అన్నాడు.

కాబట్టి నా విన్నపం మూడు మాటలు. ఒకటి, ద్వారబంధం అమ్మొద్దు, ఆ మేస్త్రీతోనే అడుగు అతికిద్దాం, బేరం ఆడకుండా. రెండు, పెట్టెకు గాజు వద్దు. గోడకు తగిలించిన ఉలిని చూసి మన పిల్లలు ఏమీ నేర్చుకోరు, పైగా అది తుప్పు పడుతుంది. పని చేసే చేతికి ఇద్దాం, ఉగాదికి వెనక్కి తెచ్చుకోని మళ్లీ నూనె పూద్దాం. మూడు, మన పదకొండు ఇండ్లలో ఒక్కో ఇల్లు అయిదేండ్లకొకసారి ఒక్క వస్తువు, పీటో మంచమో తలుపో, చేత్తో చేసేవాళ్ల దగ్గర చేయించుకుందాం. ఏడాదికి రెండు పనులు అవుతాయి. దాంతో ఒక మనిషి బతకలేడు, నాకు తెలుసు. కానీ ఆయన దగ్గర ప్లైవుడ్ కోస్తున్న ఆ ఇరవై ఏండ్ల పిల్లోడు ఏడాదికి రెండుసార్లన్నా కుసి, బెజ్జం చూస్తాడు.

ఆ పిల్లోడు వాకిలి చూడ్డానికి మేస్త్రీతో వచ్చినాడు. ద్వారబంధం పై మూలలో తాత వేసిన అతుకు దగ్గర వేలు పెట్టి, "ఇది ఎట్ల దిగింది సార్ లోపలికి?" అని అడిగినాడు. మేస్త్రీ చెప్పడం మొదలుపెట్టినాడు. నేను పక్కన నిలబడి విన్నాను.

పదహారు వేలు ఎవరెవరు ఎంత వేస్తారో ఈ ఆదివారం లోపల చెప్పండి. మేస్త్రీకి అడ్వాన్సు నేను ఇచ్చేసినాను.